పొచింకిలో దూకినవాడు, మంత్రిని ముందే కదిపినవాడు

అనకాపల్లి దగ్గర పరవాడలో రాత్రి సి షిఫ్ట్ చేసి వచ్చిన కుర్రాడికి పొద్దున్న ఏడున్నర అంటే పడుకోబోయే వేళ. స్నానం, టిఫిను అయ్యాక నిద్ర ముంచుకొచ్చేదాకా చేతిలో ఫోనే. మా మేనల్లుడు ఫార్మాసిటీలో ఒక మందుల కంపెనీలో ఉత్పత్తి విభాగంలో చేస్తున్నాడు. నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక గది తీసుకున్నారు. ఆ గది డాబా ఎక్కితే సింహాద్రి థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్ల మీద తెల్లటి ఆవిరి కనబడుతుంది. ఈ మధ్య పనిమీద వెళ్లి వాళ్ల దగ్గర మూడు రోజులు ఉన్నాను. మొదటిరోజు పొద్దున్నే నలుగురూ గోడకు ఆనుకుని కూర్చుని ఫోన్లలో బీజీఎంఐ అనే తుపాకుల ఆట మొదలుపెట్టారు.

తెర మీద విమానం కదిలింది. "పొచింకి, పొచింకి" అని ఆ మైదానంలోని ఒక ఊరి పేరు అరిచాడు ఒకడు. నలుగురూ దూకేశారు. మావాడు ఒక మేడ మీద దిగాడు, తుపాకి దొరికింది, కిటికీలోంచి ఒకడిని పడగొట్టాడు. ఆ ఒక్కడు పడ్డాడో లేదో మావాడి గొంతు మారిపోయింది. "రండిరా, రష్" అంటూ మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తాడు. ఎదురు మేడ నుంచి రెండు తూటాలు, పక్క సందులోంచి ఇంకొకటి. మోకాళ్ల మీద పడ్డాడు. లేపడానికి వచ్చిన స్నేహితుడూ అక్కడే పడ్డాడు. టీ చల్లారకముందే నలుగురూ మళ్లీ లాబీలో ఉన్నారు.

"ఏటి సేద్దాం మావయ్యా, పింగ్ పోనాది. లేపోతే నలుగుర్నీ లేపేద్దును" అన్నాడు.

నేను వాడికి నీతి చెప్పలేకపోయాను. ముందురోజు రాత్రి రైల్లో నేను చేసిన పనీ అదే. ఫోనులో మూడేసి నిమిషాల చదరంగం ఆడుతూ మొదటి ఆట అలవోకగా గెలిచాను. రెండో ఆటలో మంత్రిని మూడో ఎత్తుకే బయటికి తీసి పోగొట్టుకున్నాను. వెంటనే రీమ్యాచ్ నొక్కాను. అనకాపల్లి స్టేషన్ వచ్చేసరికి నా రేటింగ్ నూటయాభై పాయింట్లు కిందికి దిగింది. దిగేటప్పుడు నాకు నేను చెప్పుకున్న మాట "వేలు జారింది" అని.

పింగ్ పోవడం, అంటే నెట్ మొరాయించడం; వేలు జారడం. ఈ రెండు సాకులూ తోబుట్టువులు. వాటిని కన్న ఆటలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. మితిమీరిన ధీమా రెండింటిలోనూ ఒకటే. దాన్ని ఏ ఆట ఎలా పెంచుతుంది, ఎలా విరుస్తుంది, విరిచాక చేతిలో ఏం పెడుతుంది అన్నదగ్గరే తేడా. నా దృష్టిలో ఆట విలువను తేల్చేది కూడా ఆ తేడాయే.

*

ముందు రెంటి పుట్టుక, లెక్క. 2000లో వచ్చిన 'బ్యాటిల్ రాయల్' అనే జపాన్ సినిమా స్ఫూర్తితో ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ రూపమిచ్చిన ఆట పబ్‌జీ. 2017లో కంప్యూటర్లలోకి, 2018 మార్చిలో ఫోన్లలోకి వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021 జులైలో దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ దాన్ని మన దేశం కోసం బీజీఎంఐ అన్న పేరుతో తెచ్చింది. 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. చదరంగం పుట్టింది మన నేల మీదే, దాని వయసు వేయేళ్లు దాటి చాలాకాలమైంది. ఇప్పుడు అది కూడా ఫోనులోకి దిగి, మూడు నిమిషాల ఆటగా, ముక్కూమొహం తెలియని మనిషితో ఆడే ఆటగా మారింది.

బీజీఎంఐ పెద్ద మైదానాల్లో నూరుమంది దాకా దిగుతారు. నలుగురేసి జట్లయితే పాతికజట్లు. అందరూ సమానమైన నేర్పు ఉన్నవాళ్లే అనుకుంటే ఒక జట్టు గెలిచే అవకాశం పాతికలో ఒకటి. ఒంటరిగా దిగితే నూటిలో ఒకటి. చదరంగంలో సమానులు తలపడితే గెలుపోటముల వాటా సగం సగం. ఈ లెక్క చిన్నదే గాని మనసు మీద దాని ప్రభావం పెద్దది. పాతిక జట్లలో ఇరవైనాలుగు ఓడే చోట ఓటమి మామూలు సంగతైపోతుంది. అలవాటైన నొప్పికి ఎవరూ వైద్యం చేయించుకోరు. ఇద్దరే ఉన్న చదరంగంలో ఓటమికి జనసమ్మర్దంలో కలిసిపోయే వీలు లేదు. అది నేరుగా వచ్చి మన పక్కన కూర్చుంటుంది.

*

ఇక ఆటలోకి దిగడం. బీజీఎంఐలో ఎరాంగెల్ అనే మైదానం అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది కిలోమీటర్లు. అంత నేల ఉండగా జనమంతా పొచింకి, స్కూలు, మిలిటరీ బేస్ మీదే ఎందుకు వాలతారు? అక్కడ ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, తుపాకులు, సామాను (లూట్) బాగా దొరుకుతాయి, అన్నిటికంటే ముందు వెంటనే మనుషులు దొరుకుతారు. కుర్రాళ్లు దీన్ని హాట్ డ్రాప్ అంటారు. దూరంగా దిగి, సామాను కూర్చుకుని, ఆట నడిచే వలయం (జోన్) కుంచించుకుపోయే కొద్దీ నెమ్మదిగా లోపలికి వచ్చేవాడిని క్యాంపర్ అని ఈసడిస్తారు.

చదరంగంలో దీనికి సరిజోడు మంత్రిని ముందే కదపడం. తెల్లపావులవాడు రాజు ముందరి బంటును రెండు గళ్లు జరుపుతాడు, మంత్రిని బయటకు దూకిస్తాడు, ఏటవాలుగా నడిచే శకటును దానికి తోడు తెస్తాడు, నాలుగో ఎత్తుకు నల్లరాజు పక్క బంటును మంత్రితో కొట్టి ఆట కట్టేస్తాడు. కొత్తవాడి మీద ఇది పనిచేస్తుంది. కొంచెం ఆట తెలిసినవాడి మీద వికటిస్తుంది. అతను గుర్రాన్ని తెస్తూ మంత్రిని బెదిరిస్తాడు, బంటును జరుపుతూ బెదిరిస్తాడు. ఒక్కో బెదిరింపుతో అతని బలగం ఒక అడుగు బయటికొస్తుంది, మన మంత్రి ఒక అడుగు పారిపోతుంది. పదో ఎత్తుకల్లా అతని సైన్యం సిద్ధంగా నిలబడి ఉంటుంది, మనది ఇంకా గుడారాల్లోనే ఉంటుంది.

రెండు తప్పులకూ పోలిక ఒకటే. ఆటలో అన్నిటికంటే బలమైనదాన్ని, అన్నిటికంటే ముందు, తోడు లేకుండా, జనం మధ్యలోకి పంపడం. రెండింటికీ మూలం కూడా ఒకటే. ఈ అలవాటును ఓటమి నేర్పదు, మొదట్లో దక్కిన గెలుపే నేర్పుతుంది. మావాడు వీధిలోకి పరిగెత్తింది ధైర్యం వల్ల కాదు, అంతకు పది సెకన్ల ముందు ఒకడిని పడగొట్టాడు కనక. నేను మంత్రిని కదిపింది మొదటి ఆటలో అది పనిచేసింది కనక.

*

ధీమాను పెంచే తీరు దగ్గర రెండు ఆటల దారులు చీలిపోతాయి. బీజీఎంఐలో కొత్తగా చేరినవాడికి తొలి మ్యాచ్‌ల్లో ఎదురయ్యేవాళ్లలో చాలామంది మనుషులు కారు, బాట్లు, అంటే కంప్యూటర్ నడిపే బొమ్మలు. నిటారుగా నడుస్తాయి, గురి తప్పుతాయి, నిలబడి చస్తాయి. కుర్రాడు పది, పన్నెండు కిల్స్ చేసి 'చికెన్ డిన్నర్', అంటే మొదటి స్థానం, కొడతాడు. తెరంతా బంగారు రంగు. పక్కవాడికి స్క్రీన్‌షాట్ పంపుతాడు. బ్రాంజ్ నుంచి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అంటూ మెట్లు చకచకా ఎక్కిస్తారు. ఆ మెట్లలో ఎన్ని తన కాళ్లతో ఎక్కాడో, ఎన్ని ఆట ఎత్తి పెట్టిందో వాడికి చెప్పేవాళ్లుండరు. డైమండ్, క్రౌన్ దగ్గర నిజమైన మనుషులు ఎదురయ్యేసరికి చేతిలో నేర్పుకన్నా నమ్మకం నాలుగు రెట్లుంటుంది.

చదరంగం సైట్లు ఇంత ముద్దు చేయవు. లీచెస్ అనే సైట్‌లో కొత్తవాడికి 1500 రేటింగ్ ఇచ్చి ఆడమంటారు. నిజంగా కొత్తవాడైతే మొదటివారంలోనే ఆ అంకె కరిగి వెయ్యికి, ఇంకా కిందికి వస్తుంది. అక్కడ ఎవరూ ఓదార్చరు. ఈ పద్ధతికి పునాది ఆర్పాడ్ ఎలో అనే ఆచార్యుడు వేసిన లెక్క. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని స్వీకరించింది. తనకన్నా రెండువందల పాయింట్లు తక్కువున్నవాడితో ఆడితే నూటికి దాదాపు డెబ్భైఆరు వంతులు రావాలని ఆ లెక్క ముందే చెబుతుంది. రాకపోతే కోత పెడుతుంది.

ఒక ఆట పిల్లవాడిని ఎత్తుకుని నడిపిస్తుంది, ఇంకొకటి పడేసి నడవమంటుంది. ఎత్తుకున్నది క్రూరమైనదనీ, పడేసినది దయగలదనీ అనిపించేది మాత్రం ఆర్నెల్లు గడిచాకే.

*

అసలు తేడా ఓటమి తర్వాత ఉంది. చనిపోయిన తీరును మళ్లీ చూపించే ఏర్పాటు బీజీఎంఐలోనూ ఉంది, దాన్ని కాదనలేం. కాని అది చూపేది ఆఖరి కొన్ని సెకన్లు. ఎవడు కాల్చాడు, ఎక్కడి నుంచి కాల్చాడు అన్నది చూపుతుంది. తప్పు జరిగింది అక్కడ కాదు, విమానంలో. పొచింకి అని అరిచిన క్షణంలో. ఆ క్షణాన్ని ఆ రీప్లే చూపించదు. అందుకే కుర్రాడు చూసి "వాడి గురి అదిరింది" అనో, "నా ఫోను వేడెక్కింది" అనో అనుకుని మళ్లీ పొచింకిలోనే దూకుతాడు. నూరుమంది, నాలుగు జతల చేతులు, నెట్, ఫోను, దొరికిన తుపాకి, జోన్ పడ్డ చోటు. ఇన్ని కారణాలు పరిచి ఉన్నచోట మనసు తనను తాకనిదాన్నే ఏరుకుంటుంది.

చదరంగంలో ప్రతి ఎత్తూ రాసి ఉంటుంది. ముప్ఫయ్యో ఎత్తుకు ఆట కట్టినా, కంప్యూటర్ విశ్లేషణ తెరిస్తే ఆరో ఎత్తు పక్కన ఎర్రగుర్తు పెట్టి 'బ్లండర్' అంటుంది. నీ ఓటమి ఇక్కడ కాదు, అక్కడ మొదలైందని వేలు పెట్టి చూపిస్తుంది. బల్ల మీద అదృష్టం లేదు, దాచిన ముక్క లేదు. వేలు జారిందన్న నా మాట ఆ గుర్తు ముందు అరనిమిషం నిలబడలేదు.

నెట్ నిజంగా పోయే రోజులూ ఉంటాయి, అందుకు చదరంగంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. కరోనా కాలంలో, 2020లో, ఫిడే మొదటిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ పెట్టింది. భారత జట్టులో మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్ చేతిలో మొదటి విడత 2-4తో పోయింది. రెండో విడత 4.5-1.5తో మనది. చివర తేల్చే ఒక్క ఆటను హంపి మోనికా సోచ్కో మీద గెలిచి జట్టును ఫైనల్‌కు చేర్చింది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల ఆటలు నడుస్తుండగా నెట్ తెగిపోయింది. భారత జట్టు అప్పీలు చేసింది, రెండు దేశాలకూ స్వర్ణం ప్రకటించారు. సాకుకూ కారణానికీ తేడా ఇదే. కారణాన్ని పదిమంది ముందు పెట్టి తేల్చుకోవచ్చు. సాకు గది దాటి బయటికి రాదు.

*

తెలుగువాడికి ఈ కథ కొత్తది కాదు. భారతంలో ముగ్గురు ఆటగాళ్లను మనం చిన్నప్పటి నుంచి ఎరుగుదుం. ధీమాలో ఎన్ని రకాలున్నాయో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

మొదటివాడు విరాటరాజు కొడుకు ఉత్తరుడు. సారథి లేడుగాని ఉంటే కౌరవసేనను ఒక్కడినే తరిమేద్దునని అంతఃపురంలో ఆడవాళ్ల ముందు చెప్పాడు. సేన కనబడగానే రథం దిగి పరిగెత్తాడు. ఆ మాటలు నేటికీ ఉత్తరకుమార ప్రగల్భాలుగా మన నోళ్లలో ఉన్నాయి. సారథి లేడన్నది ఆనాటి పింగ్. బాట్లను కొట్టి క్రౌన్ దాకా వచ్చినవాడిది ఉత్తరుడి ధీమా. ఎదుటి సేనను చూడనంతసేపే అది నిలుస్తుంది. మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. ఉత్తరుడు తర్వాత పగ్గాలు పట్టి అర్జునుడి రథం తోలాడు. గెలిచి వచ్చాక తండ్రి పొగడబోతే, గెలిచింది తను కాదని చెప్పాడు. తనకు తగిన చోటేదో తెలుసుకుని, చేయని పనికి పేరు తీసుకోనన్నవాడు అతను. అతన్ని ప్రగల్భాల దగ్గరే ఆపేయడం మనం చేసిన అన్యాయం.

రెండోవాడు ధర్మరాజు. అతనికి జూదమంటే ఇష్టం ఉంది, నేర్పు లేదు. ఆ సంగతి శకుని ఎరుగును, ధర్మరాజు ఎరుగడు. మొదటి జూదంలో సర్వం పోయి, ద్రౌపది వల్ల అంతా తిరిగి దక్కాక, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల వనవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో కూర్చోవడానికి ధర. రీమ్యాచ్ బొత్తాము మీద నా వేలు పడ్డప్పుడల్లా నేను గుర్తుచేసుకోవలసింది ఈయన్ని. ఇది వేగపు చదరంగానికి పట్టే జబ్బు. మూడే నిమిషాలు కదా, ఇప్పుడే తేల్చేద్దాం అనిపిస్తుంది. నిమిషాలు మూడే, ఆటలు పన్నెండు.

మూడోవాడు అభిమన్యుడు. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, బయటపడటం తెలియదు. ఇది ఉత్తరుడి కథ కాదు, నేర్పు నిజంగా ఉంది. తనకు బయటపడటం రాదని దాచకుండా చెప్పాడు కూడా. నీ వెనకే వస్తాం అన్నారు పెద్దలు. సైంధవుడు వ్యూహద్వారాన్ని మూసేశాడు, వెనక ఎవరూ రాలేదు. అక్కడ మితిమీరిన ధీమా కుర్రవాడిది కాదు, పంపినవాళ్లది. బీజీఎంఐలో "నువ్వు పుష్ చెయ్, మేం కవర్ ఇస్తాం" అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఆ ద్వారం కళ్ల ముందు మెదులుతుంది. జట్టు ఆటలో ఒకడి తొందరపాటుకు నలుగురు బాధ్యులు. ఒంటరి ఆటైన చదరంగంలో ఈ కోణం లేదు. మనిషిని మనిషి ముప్పులోకి తోసే తీరును, కాపాడే తీరును కూడా, బీజీఎంఐయే ఎక్కువ చూపిస్తుంది. ఆ ఆటకు దక్కవలసిన గౌరవం అది.

*

ఇంతవరకు చదివితే తప్పును చూపే అద్దం ఉన్న ఆట మంచిది, లేనిది చెడ్డది అని తీర్పు చెబుతున్నట్టుంది. అంత తేలిక కాదు. 1999లో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఒక సంగతి చూపారు. పరీక్షల్లో అట్టడుగున ఉన్నవాళ్లు కూడా తమను సగటుకన్నా పైవాళ్లుగా లెక్కేసుకున్నారు. ఎవరి స్థానం ఎక్కడో ఎప్పటికప్పుడు చెప్పకపోవడం వల్ల అలా జరిగిందనుకోవచ్చు కదా? చదరంగంలో ఆ వంక చెల్లదు. ఇరవైరెండు దేశాల్లో 3,388 మంది టోర్నమెంటు ఆటగాళ్లను అడిగితే, సగటున తమ అసలు బలం రేటింగ్‌కన్నా 89 పాయింట్లు ఎక్కువన్నారు. ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లు, ప్రతి ఆటకూ అంకె చూసుకునేవాళ్లు. వాళ్లలోనూ కింది మెట్లవాళ్లకే భ్రమ ఎక్కువ.

అద్దం ఉన్నంతమాత్రాన ముఖం కనబడదు. చూడాలి. చూడటం ఆట చేసిపెట్టే పని కాదు, ఆటగాడు చేసుకునే పని. అందుకు రెండు పక్కల నుంచీ ఒక్కో ఉదాహరణ ఇవ్వగలను.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీ. హంపి మొదటి రౌండే ఓడిపోయింది. 2019లో అదే పోటీ గెలిచిన మనిషి, ముప్ఫయ్యేడేళ్ల వయసు, పదకొండు రౌండ్లలో మొదటిదే పోయింది. కోపంతో రెచ్చిపోయి ఆడటానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. ఆమె ఒక్కో ఆటనూ దాని పాటికి దాన్ని ఆడి 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ విజేత అయింది. ఓటమిని వెంటనే వసూలు చేసుకోవాలన్న తొందర లేకపోవడమే అక్కడ అసలు నేర్పు.

అదే ఏడాది జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఎంఐ జాతీయ పోటీ బీజీఐఎస్ ఫైనల్స్ జరిగాయి. టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. ఆ స్థాయి ఆటలో ఒక సంగతి గమనించాలి. పెద్ద జట్లకు మైదానంలో తమ తమ డ్రాప్ చోట్లు ఉంటాయి. ఒకే చోట రెండు జట్లు దిగి కొట్టుకుంటే ఇద్దరికీ నష్టమేనని వాళ్లకు తెలుసు. తప్పనప్పుడే ఆ గొడవకు దిగుతారు. అంటే పొచింకిలో తలదూర్చకుండా ఆగగలిగేవాళ్లే ఆ ఆటలో మొనగాళ్లు. మా గదిలో క్యాంపర్ అని తిట్టు తినేవాడు చేసే పనిని అక్కడ ప్రణాళిక అంటారు. పాయింట్లు కూడా కిల్స్‌కు కొన్ని, చివరిదాకా నిలబడ్డందుకు మరికొన్ని. తప్పు ఆటలో లేదు. ఆటలో ఏ భాగం రుచికరమో దాన్నే ఆట అనుకోవడంలో ఉంది.

*

ఈ ధీమాను అమ్ముకునే అంగళ్ల సంగతి రెండు మాటల్లో. 1960ల చివర సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. అర్ధశతాబ్దం తర్వాత డబ్బు కట్టించుకునే యాప్‌లు 'నేర్పు' అన్న ఆ ఒక్కమాటనే వలగా పరిచాయి. ఓడినవాడికి "నీకు నేర్పుంది, ఇంకొక్క ఆట" అని చెప్పడం కన్నా లాభసాటి మాట లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పు ఆటైనా అదృష్టపు ఆటైనా డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఆ గీత సరైనచోటే గీశారని నా నమ్మకం. నేర్పు ఎంత ఉన్నదన్నది కాదు, నేర్పు ఉందన్న భ్రమకు వెల ఎంత అన్నదే ప్రశ్న. పొచింకిలో ఆ వెల కొన్ని నిమిషాలు. చదరంగంలో కొన్ని పాయింట్లు. డబ్బు ఆటలో ఇంటి అద్దె, చెల్లెలి పెళ్లికి దాచిన సొమ్ము.

*

రెండో రోజు సాయంత్రం మావాడిని వాళ్ల పని గురించి అడిగాను. రియాక్టర్ లోపల మనిషి దిగి శుభ్రం చేయవలసి వస్తే ఏం చేస్తారని. వాడి గొంతు మారిపోయింది, ఆటలో వినబడని గొంతు అది. ముందు పైపులన్నీ మూసి తాళాలు వేస్తారట. లోపలి గాలి కొలుస్తారు, ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే ఎవరూ దిగకూడదు. పర్మిట్ మీద సంతకాలు పడాలి. మనిషికి బెల్టు, తాడు. మ్యాన్‌హోల్ దగ్గర ఒకడు కాపలా, లోపలున్నవాడు బయటికొచ్చేదాకా అక్కణ్నుంచి కదలకూడదు.

"లోపలోడు పడిపోతే?" అన్నాను.

"పైనున్నోడు దిగకూడదు మావయ్యా. అదే ముందు సెప్తారు. ఊపిరి సెట్టు లేకుండా దిగితే ఇద్దరూ పోతారు. తాడుతో లాగాలి, కేకెయ్యాలి. బయటికొచ్చే దారి సూసుకున్నాకే లోపలికి."

నేనేమీ అనలేదు. పడిన స్నేహితుణ్ని లేపడానికి వీధిలోకి పరిగెత్తి అక్కడే పడినవాడు పక్కనే కూర్చుని వింటున్నాడు. కాసేపటికి అతనే అన్నాడు, "మరి మనం పొచింకిలో సేసేదేటిరా?"

ఆట ఓటమినీ ప్రాణనష్టాన్నీ ఒక తక్కెడలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఫోనులో పోయిన ప్రాణం నిమిషంలో తిరిగొస్తుంది, మ్యాన్‌హోల్ దగ్గర పోయింది రాదు. నేను చెప్పదలచింది వేరు. ఈ కుర్రాళ్లకు జాగ్రత్త తెలియక కాదు. పనిలో దాన్ని రోజూ చేతులారా చేస్తున్నారు. ప్రాణం ఉన్నచోట పాటించే ఆ ఒక్క నియమాన్ని ఆటలోకి తెచ్చుకుంటే ఆట చిక్కబడుతుంది, రుచి పెరుగుతుంది. ఆటలో దాన్ని మరచిపోవడం అలవాటైతే, ఆ మరపు ఏదో ఒక రోజు సి షిఫ్ట్ చివరి గంటలో పనిలోకి వచ్చి కూర్చుంటుందేమోనన్నదే నా భయం.

అందుకే నా తీర్పు ఇది. ధీమాను విరవడంలో రెండు ఆటలూ సమానమే, రెండూ నిమిషాల్లో విరుస్తాయి. విరిచాక తప్పు మొదలైన చోటును చూపడంలో చదరంగం మేలు. తోటివాడి పట్ల బాధ్యతను చూపడంలో బీజీఎంఐ మేలు. బీజీఎంఐ ఆడేవాడు చదరంగం నుంచి ఒక అలవాటు తెచ్చుకోవాలి, ఓడినప్పుడు ఆఖరి తూటాను వదిలి మొదటి నిర్ణయానికి వెళ్లడం. నాలా మూడు నిమిషాల చదరంగం ఆడేవాడు జట్టు ఆట నుంచి ఒకటి తెచ్చుకోవాలి, చాలు ఆపు అనే మనిషిని పక్కన పెట్టుకోవడం.

మూడో రోజు పొద్దున్న వాళ్లు మళ్లీ విమానం ఎక్కారు. పొచింకి దాటిపోయింది, ఎవరూ దూకలేదు. అంచున ఒక పల్లెలో దిగారు. చాలాసేపు ఏమీ జరగలేదు, ఒకడు ఆవలించాడు కూడా. చికెన్ డిన్నర్ రాలేదు. ఎనిమిదో స్థానంలో పోయారు, ఒక కొండవాలు మీద. మావాడు ఫోను పక్కన పెట్టలేదు. మ్యాపు తెరిచి వేలితో వెనక్కి గీసుకుంటూ వెళ్లి ఒక వంతెన దగ్గర ఆగాడు.

"ఇక్కడ, మావయ్యా. జోన్ పడ్డాక ఇక్కడ నేను లేటు సేసినాను."

పింగ్ ఊసు రాలేదు. ఆ రాత్రి రైల్లో నేను కూడా రీమ్యాచ్ నొక్కకుండా, ఓడిన ఆట తెరిచి, ఎర్రగుర్తు ఉన్న ఎత్తు దాకా వెనక్కి వెళ్లాను.